గోడకి చలిమిడి

భాద్రపద శుద్ధ సప్తమి

పోటు: పంపుహౌసు మెట్లలో సగం తడిసింది. గాలి: తూర్పు నుంచి, మెత్తగా. గోడ: బ్రహ్మాండం.

ఈ పుస్తకంలో రోజూ ఆ మూడు ముక్కలు రాస్తే చాలని రూలు. నేను కాకరలంక గోడకి లస్కరుని, అంటే కాపలా మనిషిని. పేరు పెమ్మాడి నాగభూషణం, చదివింది ఏడో తరగతి. నా రాత కోడి గీకినట్టుంటుందని మా ఆవిడ వీరమణి అంటుంది, అననీ. ఇవాళ మాత్రం మూడు ముక్కలతో ఆగితే నా గుండె పగిలిపోతుంది. ఇవాళ మా అమ్మాయి పై ఆఫీసుకి "చెయ్యను" అని చెప్పింది!

మా అమ్మాయి అలివేలు ఇంజనీరు. ఈ గోడ తనదే. సముద్రం లంక మీదకి రావడం మొదలెట్టినప్పుడు ఊరు చుట్టూ ఇనప వల దింపించింది. దానికి సన్నగా కరెంటు పారిస్తే ఉప్పునీళ్ళలో ఉన్న సున్నం వచ్చి అంటుకుంది. ఆ సున్నం మీద ఆలిచిప్పల పిల్లల్ని కాపురం పెట్టించింది. ఇప్పుడు వల కనపడనే కనపడదు. చిప్ప మీద చిప్ప, దాని మీద ఇంకో చిప్ప. సిమెంటు గోడలు ఏటికేడు అరిగిపోతుంటే మాది పెరుగుతోంది. చూడ్డానికి మొసలి వీపులా ఉంటుంది గానీ నాకు దానంత అందమైన గోడ లోకంలో లేదు.

పొద్దున్నే తూనిక పెట్టె మోగింది. పై ఆఫీసంటే ఈ తూనికే. నీళ్ళు ముంచెత్తే ఊళ్ళు, ఎండిపోయే ఊళ్ళు, మంచు కరిగి జారిపోయే ఊళ్ళు, అన్నిటినీ తూచి, ఏది నిలబెట్టాలో ఏది ఎత్తెయ్యాలో చెప్పే యంత్రం అది. భూమ్మీద ఉన్న ఊళ్ళన్నీ దాని పళ్ళెంలోవే. మాట మాత్రం మహా మర్యాద.

"అలివేలు గారూ, శుభోదయం. కాకరలంకను నిలబెట్టడానికి అయ్యే శ్రమ, దానివల్ల కలిగే ప్రయోజనం కంటే ఎక్కువని తేలింది. మహాలయ అమావాస్య లోపల ఊరు ఖాళీ చేయించి, గోడ వల విప్పించి నగరం గోడకు పంపగలరు."

అలివేలు చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటోంది. ఏమీ కంగారు పడలేదు. నోట్లో ముద్ద నమిలి మింగింది.

"చెయ్యను."

"మీ జవాబు స్పష్టంగా వినపడలేదు."

"చెయ్యనూ! ఇప్పుడు వినపడిందా?"

"ఇది ఉద్యోగ నిబంధనలకు విరుద్ధం."

"అయితే ఉద్యోగం నువ్వు ఉంచుకో. గోడ నేను ఉంచుకుంటాను" అని ఇంకో ముద్ద కలుపుకుంది.

నేను గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాను. మోకాళ్ళు సహకరించవు గానీ లేకపోతే గెంతేవాణ్ణి. ఈ పిల్లకి ఇంజనీరు పట్టా వచ్చిన రోజున కూడా ఇంత సంతోషం కలగలేదు. పట్టా ఎవరికైనా వస్తుంది, ఈ మాట అందరి నోటా వస్తుందా! వెంటనే దుకాణంలో ఉన్న బెల్లం జీళ్ళన్నీ పట్టుకొచ్చి వీధంతా పంచాను.

"ఏం తమ్ముడూ, పిల్లకి ప్రమోషనా?" అంది బుల్లెమ్మక్క. మా వీధికి పెద్దదిక్కు ఆవిడ.

"లేదక్కా, ఉద్యోగం పోయింది!"

"నీకు మతి కూడా పోయినట్టుంది" అని రెండు జీళ్ళు ఎక్కువ తీసుకుంది.

శుద్ధ ఏకాదశి

పోటు: మామూలే. గాలి: ఆగ్నేయం. గోడ: బ్రహ్మాండం, చెప్పాను కదా.

తూనిక మాకు పెద్ద లైను కరెంటు కోసేసింది. ఇళ్ళ మీది సూర్యుడి పలకలతో గోడకి కావలసిన సన్న కరెంటు వస్తుంది, దీపాలొస్తాయి. అంతకు మించి ఏదీ నడవదు.

ఎత్తివేత ఆఫీసరు పడవేసుకుని వచ్చాడు. పేరు రత్నం. మంచివాడే పాపం, ఎండకి మాడిన మొహం, చేతిలో తూనిక మాట్లాడే పలక. ఈ తీరంలో ఇప్పటికి ఎన్ని ఊళ్ళు ఎత్తించాడో ఆయనకే గుర్తు లేదట. ఆయన వచ్చేసరికి అలివేలు అరుగు మీద కూచుని ఇంకో పెట్టెలో వేరే దేశాల ఇంజనీర్లతో మాట్లాడుతోంది. రోజూ ఆ వేళకి మాట్లాడుకుంటారు వాళ్ళు. మునిగిపోతున్న బంగ్లా దీవి నుంచి ఒక అమ్మాయి, ఎడారిలో గాలిలోంచి నీళ్ళు పిండే ముసలాయన, కరిగే మంచుకొండ కింద ఊరిని కాచుకునే కుర్రాడు. నేను మధ్యలో తల దూర్చి అందర్నీ "తిన్నారా?" అని అడుగుతాను. ఆ పెట్టె నా మాటని వాళ్ళ వాళ్ళ భాషల్లో చెబుతుంది, వాళ్ళు నవ్వుతారు. వాళ్ళ ఊళ్ళు కూడా తూనిక జాబితాలో ఉన్నవేనట. ఎవరి ఊళ్ళో వాళ్ళు మొండికేసి కూచున్నారు.

"అమ్మా, ఇది నా ఇష్టం కాదు" అన్నాడు రత్నం. "మహాలయ అమావాస్య పోటు ఈ ఏటికి అన్నిటికన్నా పెద్దది. దానికి మీ గోడ ఆగదని తూనిక అంటోంది. ఆ రోజు నేను పెద్ద పడవలతో వస్తాను. ఆగకపోతే మీరందరూ ఎక్కాలి."

"ఆగితే?" అంది అలివేలు.

ఆయన పలకలో వెతికి చూశాడు. "అలా ఎవరూ అడగలేదమ్మా ఇప్పటిదాకా. ఆగితే ఊరి పేరు జాబితాలోంచి కొట్టేస్తారనుకుంటా."

"అనుకోవడం కాదు. రాసివ్వండి."

రాసిచ్చాడు! నేను ఉండబట్టలేక ముందుకొచ్చి, "ఆఫీసరుగారూ, నేను కూడా ఒక మాట చెబుతున్నాను. నేను గానీ మీ పడవ ఎక్కితే నా పేరు నాగభూషణం కాదు" అన్నాను. ఊరంతా ఈలలు. వీరమణి మాత్రం లోపల్నుంచి, "పేరు ఏదైతేనేం, ముందు ఆ బాతుల్ని దొడ్లోకి తోలు" అని అరిచింది.

పౌర్ణమి

పోటు: పంపుహౌసు పై మెట్టు తడిసింది. గాలి: ఉధృతం. గోడ: జయజయధ్వానాలు!

ఆగింది. పున్నమి పోటు మొత్తం వచ్చి గోడకి తల బాదుకుని వెనక్కి పోయింది. జానెడు మిగిలింది పైన. నేను గోడ మీద పడుకుని దాన్ని కావలించుకున్నాను. చిప్పలు గీరుకుని చొక్కా చిరిగితే చిరిగింది.

అలివేలు ఒక చిప్ప కోసి చూపించింది. లోపల పాలలా తెల్లగా, నిండుగా ఉంది.

"గుడ్లు నాన్నా. గోడంతా ఇలాగే ఉంది. ఇవి గనక వదిలాయంటే ఒక్క పోటుకి ఈ గోడ మీద ఇంకో వరస లేస్తుంది. అమావాస్యకి అదే మనకి కావలసింది."

"అంటే మన గోడ నీళ్ళోసుకుందా అమ్మలూ!"

"అలా అనుకో" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

అలివేలు రేపు పందిరిమెరక వెళుతోంది. అది మాకు దక్షిణాన ఉన్న లంక. అక్కడా వల దించారు గానీ చిప్పలు పట్టలేదు. తూనిక జాబితాలో మా తర్వాత పేరు వాళ్ళదే. ఒకసారి వచ్చి చూసి పొమ్మని కబురంపారు. మూడు నాలుగు రోజుల్లో వస్తానంది. నేను ఈ లోపల గోడ సంగతి వీధిలో ఒక్కరికి చెప్పాను. బుల్లెమ్మక్కకి. ఆవిడకి చెబితే లంకంతా చెప్పినట్టే.

బహుళ తదియ

పోటు: తగ్గుముఖం. గాలి: లేదు. గోడ: పెళ్ళికూతురిలా ఉంది.

ఇవాళ మా గోడకి శ్రీమంతం చేశాం. ఈ ముక్క రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు సంతోషంతో.

ఇది నా ఆలోచన కాదు, బుల్లెమ్మక్కది. కాకపోతే కాదనలేదు నేను. పితృపక్షాల్లో శుభకార్యమా అన్నవాళ్ళకి, గోడకి పక్షాలేవిటని ఆవిడే చెప్పింది. "కడుపుతో ఉన్న ఆడపిల్లని ఉత్త చేతులతో చూడ్డానికి వెళతామా? ఇన్నాళ్ళూ మనల్ని కాస్తూ నిలబడింది, దాని నోట్లో ఒక తీపి ముద్ద పెట్టినవాళ్ళున్నారా?" అంది ఆవిడ. ఆ మాటకి వీరమణి కళ్ళు తుడుచుకుంది. దసరాకని దాచిన బియ్యం నానబోశారు. ఇంటింటా రోకళ్ళు. తడిపిండీ, బెల్లం పాకం, నెయ్యీ, కొబ్బరి ముక్కలూ, గసగసాలూ. పెద్ద పెద్ద పళ్ళేల నిండా చలిమిడి! ఇంకా పాలూ, పొంగలీ, అరటిపళ్ళూ.

మేళం లేదు, గంగాళాలే వాయించాం. గోడ పొడుగునా వలని పట్టి నిలిపే, పైకి తేలిన ఇనప చువ్వలన్నిటికీ గాజులు తొడిగారు ఆడవాళ్ళు. పసుపు రాశారు. పాట పాడారు. తర్వాత లోపలి వైపు మడుగులో, నీళ్ళు కదలకుండా ఉండే చోట, వంగి వంగి ముద్ద ముద్దగా చలిమిడి వదిలారు. "తినమ్మా, బాగా తిను, ఇద్దరికి సరిపడా తిను" అంటున్నారు. "ఇద్దరేవిటే, కోట్లమంది ఉన్నారు లోపల, ఇంకా వెయ్యండి" అంది బుల్లెమ్మక్క. దాంతో ఇళ్ళల్లో మిగిలింది కూడా తెచ్చి వేశారు.

అలివేలు చూసి ఉంటే ఎంత మురిసిపోయేదో!

బహుళ షష్ఠి

పోటు: చిన్నది. గాలి: లేదు. గోడ:

రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్నటి నుంచే వాసన. కుడితి తొట్టిలో వచ్చే వాసన. మడుగు పాల నీళ్ళలా తెల్లగా అయిపోయింది. పాత రేవు దగ్గర గోడ మీది చిప్పలు నోళ్ళు తెరుచుకున్నాయి. వేలు పెట్టినా మూసుకోవు. అంటే చచ్చిపోయాయి.

మధ్యాహ్నం అలివేలు పడవ దిగింది. చువ్వలకి గాజులు చూసింది. నీళ్ళు దోసిట్లో తీసి వాసన చూసింది.

"ఎవరేం వేశారు ఇందులో?"

 వీరమణి చెప్పింది. "చలిమిడి."

"ఎంత?"

"ఇంటికో పళ్ళెం... రెండు."

"అమ్మా!" ఆ అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. "అవి నోటితో తింటాయనుకున్నారా? నీళ్ళలో కొట్టుకొచ్చే నలుసులు జల్లెడపట్టుకుని బతికే ప్రాణులవి. ఈ బెల్లం, ఈ పిండి కుళ్ళిపోతే కంటికి కనపడని క్రిములు కోట్లు పుడతాయి. నీళ్ళలో ఉన్న గాలి మొత్తం అవే పీల్చేస్తాయి. చిప్పలకి ఊపిరాడక చచ్చిపోతున్నాయి. సముద్రం చెయ్యలేని పని మీరు చేశారు. ముద్దు చేసి చంపారు."

వెళ్ళి గోడ మీద సముద్రం వైపు మొహం పెట్టి కూచుంది. ఎవరూ దగ్గరకి పోలేకపోయారు. వీరమణే వెళ్ళింది.

"తిట్టు. ఇంకా ఏమన్నా మిగిలితే అదీ తిట్టు. తిట్టేసి లే. నువ్వు ఏడుస్తున్నావని అమావాస్య ఆగదు."

"నేను ఏడవడం లేదు."

"సరే, ముక్కు తుడుచుకుని లే మరి."

బహుళ సప్తమి

పోటు: చిన్నది. గాలి: కొంచెం దక్షిణం. గోడ: ఊపిరి ఆడక కొట్టుకుంటోంది.

పొద్దున్నే తూనిక పెట్టె మోగింది.

"గోడలో నష్టం నమోదైంది. కారణం తెలుపగలరు."

"చలిమిడి" అంది అలివేలు.

"ఆ పేరుగల కాలుష్య పదార్థం నా వద్ద లేదు."

"బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి."

"నీటిలో ఎందుకు కలిపారు?"

అలివేలు జవాబు చెప్పేలోపే వీరమణి ఆ పెట్టెని లాక్కుంది. "ఎందుకు కలిపారంటే ఏం చెప్పనయ్యా! కడుపుతో ఉన్న పిల్లకి చలిమిడి పెట్టరా? నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మకి ఎవరూ పెట్టలేదా?"

"నాకు అమ్మ లేదు."

"అందుకే ఇలా తగలడ్డావు" అని పెట్టెని నేల మీద బోర్లించింది.

అలివేలు నవ్వేసింది. పగలబడి నవ్వింది. దాంతో నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "గాలి కావాలి నాన్నా. చచ్చినవి పోతే పోయాయి, మిగతా గోడకి గాలి ఎక్కించాలి. నీళ్ళని చితక్కొట్టాలి" అంది. ఆ మాట అంటూ మా బాతుల దొడ్డి వైపు చూస్తూ ఆగిపోయింది.

మా తాతల కాలంలో ఈ లంకంతా రొయ్యల చెరువులే. చెరువుల్లో రొయ్యలకి గాలి అందడానికి ఏరేటర్లు తిప్పేవారు. తెడ్లున్న చక్రాలు, నీళ్ళని కొడుతూ తిరుగుతాయి. చెరువులు మునిగిపోయాక అవి ఎవరికీ అక్కర్లేక ఊళ్ళో బాతుల దొడ్లకి కంచెలైపోయాయి. అలివేలు వెళ్ళి మా కంచెలో ఒక చక్రాన్ని పట్టుకుని ఊపింది. కిర్రుమంది గానీ తిరిగింది.

"తిప్పడానికి కరెంటేదే?" అన్నాను.

"నీ సైకిలేది నాన్నా?"

బహుళ ఏకాదశి

పోటు: పెరుగుతోంది. గాలి: దక్షిణం. గోడ: మందు పనిచేస్తోంది!

ఊళ్ళో బాతులన్నీ వీధుల్లో పడ్డాయి, కంచెలు లేవు కదా. కంచెలన్నీ మడుగులో ఉన్నాయి. ఒక్కో ఏరేటరుకి ఒక్కో సైకిలు, గొలుసుతో బిగించింది అలివేలు. ఒడ్డున వరసగా సైకిళ్ళు పెట్టి ఊరు ఊరంతా తొక్కుతోంది. వంతులు వేశాం. వండేవాళ్ళు వండుతారు, తొక్కేవాళ్ళు తొక్కుతారు, తొక్కలేనివాళ్ళు పక్కన కూచుని తిడతారు.

నాకు మోకాళ్ళని నా వంతు తగ్గించబోయారు. నేను ఒప్పుకోలేదు. మోకాళ్ళు ఎందుకున్నాయి, దాచుకోడానికా!

బుల్లెమ్మక్క ఈ వయసులో చీర కచ్చ పోసి సైకిలెక్కింది. తెడ్లు నీళ్ళని కొడుతుంటే మొహమంతా తడిసి, ఆయాసపడుతూ, "ఏమే అలివేలూ, పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు సైకిలెక్కడం. అదీ ఎక్కడికీ పోని సైకిలు ఎక్కించావే!" అంది.

"ఎక్కడికీ పోకూడదనేగా తొక్కుతున్నాం అత్తా!"

దీనికి ఒడ్డంతా ఒకటే కేక. అప్పటినుంచి ఎవరి వంతు వచ్చినా "ఎక్కడికీ పోం" అనుకుంటూ ఎక్కుతున్నారు.

వాసన తగ్గింది. నీళ్ళలో అడుగు కనపడుతోంది. ఉత్తరం వైపు చిప్పలు వేలు పెడితే ఠక్కున మూసుకుంటున్నాయి. నా వేలు నొక్కుకుపోయి రక్తం వచ్చింది, ఎంత బావుందో! కానీ పాత రేవు దగ్గరి గోడ పూర్తిగా పోయింది. అక్కడ ఖాళీ చిప్పలే నోళ్ళు తెరుచుకుని మిగిలాయి. నీళ్ళు అందులోంచి దూరి లోపలికి వస్తున్నాయి.

"అమావాస్యకి అక్కడే తెగుతుంది" అంది అలివేలు. దాచలేదు. దాచే అలవాటు తనకి లేదు. "మునుపు తిన్న చిప్పల పెంకులున్నాయి కదా, ఊళ్ళో ప్రతి పెరట్లో గుట్టలున్నాయి. వాటిని వలసంచుల్లో నింపుదాం. పోటు రోజున ఆ కంతల వెనకాల పేరుద్దాం. ఆగితే ఆగినట్టు."

"లేకపోతే?"

"లేకపోతే నీ ఒట్టు ఏమవుతుందో చూడాలి" అని నా తలకి మొట్టికాయ వేసింది.

మహాలయ అమావాస్య

పోటు: ఇంత పోటు నా జన్మలో చూడలేదు. గాలి: తూర్పు నుంచి కొట్టింది. గోడ: కింద రాస్తున్నాను.

తెల్లవారేసరికి రత్నంగారి పడవలు వచ్చాయి. మూడు పెద్ద పడవలు, ఖాళీగా, రేవు బయట. ఆయన దిగి పలక తీశాడు.

"అమ్మా, ఎక్కించండి. అయిపోయింది. పోటు మొదలైతే ఇక ఎక్కలేరు."

అలివేలు నడుముకి చున్నీ బిగించుకుని వలసంచి మోస్తోంది. దించకుండానే అడిగింది. "మీ తూనికలో మా ఊరి మనుషుల్ని ఏ పళ్ళెంలో వేశారు?"

"మనుషులా? బరువు వైపు. మోసుకెళ్ళాలి కదా."

"రెండో వైపు వెయ్యమనండి. మోసేవాళ్ళ వైపు."

"అలాంటి గడి లేదమ్మా అందులో."

"లేకపోతే చేయించండి. చూడండి వీళ్ళని, వీళ్ళు బరువా? వారం రోజుల్నించి నీళ్ళకి ఊపిరి పోసిన కాళ్ళవి. మీ యంత్రం సిమెంటు లెక్కేసింది, ఇనుము లెక్కేసింది, కరెంటు లెక్కేసింది. వీళ్ళని మాత్రం సామాన్ల కింద కట్టేసింది. ప్రతి ఊళ్ళోనూ ఇదే లెక్క. అందుకే ప్రతి ఊరూ ఓడిపోతోంది."

 ఈలోగా నీళ్ళు లేచాయి. మొదటి దెబ్బకి పాత రేవు దగ్గర కంతల్లోంచి బుసబుసమని నురగ వచ్చింది. పరిగెత్తాం అందరం. సంచి మీద సంచి. కాళ్ళ కింద నీళ్ళు. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి చేతులు మారుతూ సంచులు కదిలాయి. వీరమణి రేవు వైపు చూసి, పడవ అంచు మీద కూచున్న ఆఫీసరుని చూసి, "ఏమయ్యా, ఖాళీగా కూచున్నావు కదా, వచ్చి ఈ కొస పట్టుకో!" అని కేకేసింది. ఆయన అటూ ఇటూ చూశాడు. పలక చొక్కాలో దోపుకుని వచ్చి పట్టుకున్నాడు. ఆయన వెనకాల పడవ సరంగులు కూడా వచ్చారు.

నీళ్ళు పై మెట్టు దాటాయి. గోడ అంచు దాటి పల్చగా లోపలికి దూకాయి. వీధిలోకి వచ్చాయి, చీలమండ మునిగింది. మా బాతులు ఈదుకుంటూ నా ముందునుంచే వెళ్ళాయి, వాటికేం! సంచులు కదిలాయి. నేను వీపు ఆనించి నిలబడ్డాను. నా పక్కన బుల్లెమ్మక్క, ఆవిడ పక్కన రత్నంగారు. "ఎక్కడికీ పోం, ఎక్కడికీ పోం" అని ఎవరు మొదలెట్టారో తెలీదు, లంకంతా అదే అంటోంది. ఆయన కూడా అన్నాడు, నా చెవులతో విన్నాను.

తర్వాత నీళ్ళు ఆలోచించుకున్నట్టు ఒక్క చోట ఆగాయి. ఆగి, దిగడం మొదలెట్టాయి.

 అందరికీ ఊపిరి అందడం లేదు. అప్పుడు రత్నంగారి చొక్కాలోంచి తూనిక మాట వినపడింది. "అంచనా ప్రకారం కాకరలంక ఈ సమయానికి మునిగి ఉండాలి. దయచేసి ధ్రువీకరించండి."

ఆయన పలక తీసి అలివేలుకి ఇవ్వబోయాడు. తను నా వైపు చూపించింది. "ఆయన లస్కరు. ఆయన్నే చెప్పమనండి."

నేను చొక్కా సర్దుకున్నాను. "మునగలేదు. రాసుకో" అన్నాను.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

పాత రేవు దగ్గర చచ్చిన చిప్పల మీద చెయ్యి వేస్తే గరుగ్గా తగిలింది. ఇసుక అనుకుని రుద్దాను, పోలేదు. అలివేలు భూతద్దం తెచ్చి చూసింది. చూసి భూతద్దం నాకిచ్చింది. ఆవగింజలంత చిప్పలు! లక్షలు! ఆ పోటులోనే మిగతా గోడ గుడ్లు వదిలిందట. వాటిలోంచి వచ్చిన పిల్లలకి పాత పెంకు కంటే ఇష్టమైన ఇల్లు ఇంకోటి ఉండదట, వెతుక్కుంటూ వచ్చి అక్కడే అంటుకున్నాయి. సంచుల్లో పేర్చిన పెంకుల మీద కూడా ఉన్నాయి. నేను ఏడ్చాను. ఆ సంగతి ఈ పుస్తకంలో ఎందుకు రాయకూడదు? సంతోషమొస్తే ఏడుస్తాను నేను.

రత్నంగారు మాట నిలబెట్టుకున్నాడు. జాబితాలోంచి మా పేరు కొట్టేశారు. మనుషులకి గడి పెట్టమని అలివేలు పంపిన కాయితానికి మాత్రం జవాబు రాలేదు. అదే కాయితం మీద బంగ్లా దీవి అమ్మాయి, ఎడారి ముసలాయన, మంచుకొండ కుర్రాడు కూడా సంతకాలు పెట్టి పంపారట. జవాబు వచ్చేదాకా రోజూ పంపుతారట. అలివేలు ఉద్యోగం పోయినట్టేనా ఉన్నట్టేనా అని అడిగితే, "అడిగే తీరిక లేదు నాన్నా" అంది.

ఎందుకంటే పందిరిమెరకకి వచ్చే పున్నమికి ఎత్తివేత పడవలు పంపుతున్నారు. అక్కడి గోడ మీద ఒక్క చిప్ప పట్టలేదు.

"పిల్లలంటుకున్న పెంకులు సంచులతో సహా తీసుకెళ్ళి వాళ్ళ వల మీద కడితే పడతాయి" అంది అలివేలు. "పోటుకి ముందే కట్టాలి. దారిలో సంచులు ఆరిపోకూడదు, ఎవరో ఒకరు నీళ్ళు చల్లుతూ కూచోవాలి. పడవ కావాలి. పెద్దది."

పెద్ద పడవ ఒకటి మా రేవులోనే ఉంది. అమావాస్య నాడు ఖాళీగా వచ్చింది. రత్నంగారు సరంగుల్ని పిలిచి, "ఎత్తించండి" అన్నాడు. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో ఇన్నేళ్ళలో. ఈసారి ఎత్తింది చిప్పల సంచుల్ని.

పడవ నిండింది. వీరమణి ఒక గిన్నె మూతకట్టి తెచ్చి పడవలో పెట్టింది. ఇల్లంతా వెతికితే దొరికిన బెల్లం అదేనట.

"అమ్మా! మళ్ళీ చలిమిడా?" అంది అలివేలు.

"గోడకి కాదే, అక్కడి మనుషులకి. పిల్లల్ని అత్తారింటికి పంపుతూ సారె లేకుండా పంపుతానా? నువ్వు కూడా తిను ముందు." ఒక ముద్ద కూతురి నోట్లో కుక్కింది. అలివేలు నోటినిండా చలిమిడితో ఏదో అంది, ఎవరికీ అర్థం కాలేదు. బాగుందనే అయి ఉంటుంది, రెండో ముద్దకి తనే చెయ్యి చాపింది.

ఇంక నీళ్ళు చల్లుతూ కూచునే మనిషి. అందరూ నా వంకే చూశారు. నేను రేవు మీద నిలబడి ఆ పడవని చూశాను. ఇన్ని ఊళ్ళని మోసుకుపోయిన పడవ. లుంగీ ఎగ్గట్టి ఎక్కేశాను.

"ఏమయ్యా, మరి నీ ఒట్టు?" అంది వీరమణి. "ఇంతకీ ఇప్పుడు నీ పేరేంటి?"

"నాగభూషణమే! పారిపోడానికి ఎక్కనన్నాను. పోరాడ్డానికి ఎక్కనని ఎప్పుడన్నాను?"

"మాటలకేం తక్కువ లేదు. మోకాళ్ళకి ఈ తైలం రాసుకో" అని సీసా విసిరింది. పట్టుకున్నాను.

ఇదంతా పడవలోనే కూచుని రాస్తున్నాను. ఒక చేత్తో రాత, ఒక చేత్తో నీళ్ళు. మా లంక వెనకపడుతోంది. గోడ మీద గాజులు ఇంకా ఉన్నాయి, తీయనివ్వలేదు అలివేలు. పందిరిమెరక లస్కరు ఎవరో నాకు తెలీదు. దిగగానే ముందు ఆయనకి సైకిళ్ళు ఎన్ని ఉన్నాయో అడుగుతాను. గోడకి తీపి పెట్టొద్దని చెబుతాను. తర్వాత గిన్నె మూత తీస్తాను.

పోటు: రానీ. గాలి: ఎటు నుంచైనా కొట్టనీ. గోడ: పెరుగుతోంది.